తెల్ల రంగులో సంతకాలు

2017 జూలై 3, సోమవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. నయాపూల్ దగ్గరి కాగితాల దుకాణంలో వకీళ్లు వాడే పొడుగు కాగితాలు రెండు కట్టలు తీసుకుని, చిల్లర కోసం నిలబడి ఉన్నాను. దుకాణం సేటు కొడుకు గల్లా మీద మోచేతులు ఆనించి అడిగాడు.

“ఆంటీ, మీ ఇంట్ల ఇంగ్లీషు మంచిగ రాసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“ఏం రాయాలె? అర్జీలా?”

“అర్జీలు కాదు. వెబ్‌సైట్లకు ఆర్టికల్స్. మాటకు ఇరవై పైసలు.”

“మాటలు ఎవరు లెక్కవెడ్తరు?”

“కంప్యూటరే లెక్కవెడ్తది ఆంటీ. మీరు ఆ ఫికర్ చెయ్యకుండ్రి.”

అతను చదువుకున్నవాడు. తండ్రి కింద కాగితాలు అమ్ముతుంటే, పైగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకున్నాడు. వేరే దేశాల్లో ఒక్క వస్తువు గురించే నడిచే చిన్న వెబ్‌సైట్లు ఉంటాయట. ఒకటి చేపల తొట్ల గురించి, ఒకటి కుట్టుమిషన్ల గురించి. చదివేవాళ్లు అందులో చూసి సామాను కొంటే సైటు యజమానికి కమీషన్. ఆ యజమాని తాను రాయడు. రాసే పని ఇతనికి ఇస్తాడు, ఇతను మాలాంటి వాళ్లకు ఇస్తాడు. యజమాని ఇతనికి మాటకు ఎంత ఇచ్చేవాడో నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నవ్వాడు.

రాయగలిగిన మనిషి మా ఇంట్లో ఉంది. నా తమ్ముడి కూతురు. ఇంగ్లీషు ఎమ్మే. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. 2016 ఆగస్టులో మా మరదలికి, అంటే ఆ పిల్ల తల్లికి, పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది. నా తమ్ముడు అంతకు ముందే పోయాడు. తల్లీకూతుళ్లు గౌలిపురలో నా ఇంటికి వచ్చారు. రెండు గదులు, ఒక వంటిల్లు. వెనక గదిలో మరదలి మంచం. పిల్ల బడి మానేసింది.

మరదలికి కొడుకు ఉన్నాడు, మియాపూర్‌లో. ఇద్దరు పిల్లలు, రెండు గదుల ఫ్లాటు, భార్యాభర్తలిద్దరూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. చెడ్డవాడని నేను రాయను. మందుల ఖర్చు నెలనెలా పంపేవాడు. అయితే మొదటే ఒక మాట ఖాయం చేశాడు. నా ముందే, చెల్లెలితో అన్నాడు:

“మందులు నేను చూస్త. పొద్దటి ఆయమ్మ జీతం, డైపర్లు నీవి. నీతోని కాకుంటే చెప్పు, సిటీ అవతల మంచంల ఉన్నోళ్లను చూసుకునే మంచి హోం ఉన్నది, అక్కడ ఉంచుదాం. అమ్మ అక్కడ ఉంటే నువ్వు మల్ల బడికి పోవచ్చు.”

“అమ్మ ఇక్కడ్నే ఉంటది,” అన్నది పిల్ల.

నా పింఛను బియ్యానికి, కరెంటుకు, పాలకు సరిపోయేది. పిల్ల దాచుకున్న డబ్బు జూన్ నెలాఖరుకు అయిపోయింది. కాబట్టి జూలై 3న వచ్చిన పని ఏమిటంటే, మరదలు మా ఇంట్లో ఉండడమా, పోవడమా అన్నది. మాకు అట్లాగే అర్థమైంది. సేటు కొడుకుకు ఆ సంగతి చెప్పలేదు.

మా ఇంటికి వచ్చిన సైటు మంచం పట్టిన మనుషుల గురించినది. గాలి పరుపులు, పక్క మీదనే వాడే మలపాత్రలు, వీపుకు ఆనించే బల్లలు. ఏదో చిత్రంగా కుదిరిందని పిల్ల సంతోషపడింది. మొదటి వ్యాసం పరుపుల మీద. నాలుగు వేరే సైట్లు చూసి, సంగతి అర్థం చేసుకుని, సొంత మాటల్లో రాసింది. నేను సరిచూశాను.

నేను కోర్టులో కాపీ సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషిని. తీర్పు నకలు కావాలని దరఖాస్తు వస్తే ఒకరు టైపు చేస్తారు. తర్వాత ఒకరు అసలు కాగితం పైకి చదువుతారు, ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి వెంట వస్తారు. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా నోటితో చదవాలి. అసలులో అక్షరం తప్పుంటే నకలులోనూ ఆ తప్పే ఉండాలి. ఆ అలవాటుతోనే పిల్ల చూసిన నాలుగు సైట్లనూ పక్కన పెట్టుకుని, ఆమె మార్చిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ అసలు ప్రకారం దిద్దాను. మూడు గంటలు పట్టింది.

మర్నాడు సేటు కొడుకు ఫోన్ చేశాడు.

“ఆంటీ, ఇది మొత్తం కాపీ.”

“అవును. సరిచూసిన కాపీ. ఒక్క అక్షరం తేడా రాదు.”

 చాలా మర్యాదగా, “ఆంటీ, జర ఫోన్ పాపకియ్యండ్రి,” అన్నాడు.

ఈ పనిలో నకలు నేరమట. ఎక్కడా లేని మాటల్లో ఉండాలి, సంగతి మాత్రం అందరికీ తెలిసిందే ఉండాలి. అది విని పిల్ల పడీపడీ నవ్వింది. మంచం మీద నుంచి మరదలు కూడా ఎడమ పెదవితో నవ్వింది. ఆమె జబ్బుపడ్డాక మేము ముగ్గురం కలిసి నవ్వింది అదే మొదలు.

తర్వాత పిల్ల వేరే సైట్లు చూడడం తగ్గించింది. వెనక గదిలో తాను రోజూ చేసేదే రాసింది. రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు ఎట్లా తిప్పాలి, తిప్పేటప్పుడు భుజం పట్టాలా నడుము పట్టాలా, మడమల కింద ఏం పెట్టాలి, పుండు పడబోయే ముందు చర్మం ఏ రంగుకు వస్తుంది. వారానికి ఐదు వ్యాసాలు. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు మరదలి మంచం పక్కన కూర్చుని నేను పైకి చదివేదాన్ని. పిల్ల కంప్యూటర్‌లో వెంట వచ్చేది. మరదలికి ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రతి పేరా తర్వాత తెలుగులో చెప్పేదాన్ని. ఆమెకు మూడు నాలుగు మాటలే మిగిలాయి. ఒకసారి మేమెవరమూ కళ్లతో చూడని ఒక మలపాత్రను పిల్ల మెత్తగా, హాయిగా ఉంటుందని రాసింది. నేను తెలుగులో చెప్పాను. మరదలు ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టి, “అబద్ధం,” అన్నది.

“అమ్మా, అట్ల రాస్తెనే కొంటరు,” అన్నది పిల్ల.

“నువ్... పండు,” అన్నది మరదలు. నువ్వే దాని మీద పడుకుని చూడు అని.

పిల్ల ఆ వాక్యం తీసేసింది. మాటలు తగ్గాయి, రెండు రూపాయలు తగ్గాయి.

సైటులో ఈ వ్యాసాల పైన ఒక ముసలి నర్సు ఫొటో ఉండేది. తెల్ల జుట్టు, గులాబీ రంగు స్వెటర్. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైందని కింద రాసి ఉండేది. అటువంటి మనిషి లేదు. ఆమె తమ దగ్గరే ఉందని సేటు కొడుకు యజమానికి చెప్పాడట. చదివినవాళ్లు ఆ నర్సుకు ప్రశ్నలు రాసేవాళ్లు. జవాబులు పిల్లే రాసేది, మాటకు ఇరవై పైసల లెక్కలో అవి లేవు. ఒక పెద్దాయన తన భార్య తుంటి మీది పుండు తగ్గిందని, రెండు గంటలకొకసారి గడియారం పెట్టుకుని తిప్పానని రాశాడు. పిల్ల అది తల్లికి మూడుసార్లు చదివి వినిపించింది.

ఇక సంతకాల సంగతి. మా సెక్షన్‌లో నకలు కింద టైపు చేసినవారి పొడి అక్షరాలు, సరిచూసినవారి పొడి అక్షరాలు, తేదీలు ఉండాలి. అవి లేని కాగితం కిటికీ దాటదు. రేపు ఎవరైనా వచ్చి ఇందులో తప్పుందంటే ఇది నేను చేశాను అని చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. మొదటి వారం నుంచే పిల్ల ప్రతి వ్యాసం కింద తన అక్షరాలు రెండు, నావి రెండు, రాసిన తేదీ, సరిచూసిన తేదీ పెట్టింది. నేను చెప్పక ముందే పెట్టింది. చిన్నప్పుడు సెలవులకు మా ఇంటికి వచ్చి అది చూస్తూ పెరిగిన పిల్ల.

సేటు కొడుకు ఫోన్‌లో కోప్పడ్డాడు. “గవన్ని ఎందుకు మేడమ్? నర్సు రాసినట్టు ఉండాలె. కింద ఇద్దరి సంతకాలేంది?”

పిల్ల సరేనన్నది. మూడో వారం నేను అడిగాను.

“కింద సంతకాలు తీసేసినవా?”

“తియ్యలే అత్తా. ఉన్నయి.”

“మరి ఆ పిలగాడు ఏమనలే?”

“కనబడితే కదా. తెల్లరంగుల పెట్టిన. తెల్లకాగితం మీద తెల్లక్షరాలు. పేజీతోని పాటు పోతయి.”

నాకు చూపించింది. ఖాళీ జాగా మీద మౌస్ నొక్కిపట్టి లాగితే అక్షరాలు, తేదీలు బయటపడ్డాయి. వదిలేస్తే మళ్లీ ఖాళీ. ఆ నర్సు ఫొటోకు ఇది జవాబు అన్నట్టు ఆమె మొహం వెలిగింది. నేను వద్దనలేదు. సేటు కొడుకు మా ఫైలు మొత్తం ఎత్తి సైటులో అతికించేవాడు, ఖాళీ జాగాను ఎవరు చూస్తారు. రెండేళ్ల నాలుగు నెలలు అట్లా నడిచింది. ఆయమ్మ జీతం ఏ నెలా ఆగలేదు.

2019 నవంబర్ 18, సోమవారం. పాలవాళ్ల గేదెలు గల్లీలో అడ్డంగా నిలబడితే సేటు కొడుకు బండి మూల మీదే ఆపి నడిచి వచ్చాడు. మా ఇంటికి అతను రావడం అదే మొదటిసారి. చెప్పులు విప్పి, నీళ్లు కూడా తాగకుండా ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“ఇదేంది ఆంటీ?”

మంచం పట్టినవాళ్ల సైటు. కొత్తగా కనబడాలని యజమాని పేజీల రంగు మార్చాడు. ఇదివరకు తెల్లగా ఉండేది, ఇప్పుడు లేత నీలం. ప్రతి పేజీ అడుగున తెల్లటి అక్షరాలు, నాలుగు పొడి అక్షరాలు, రెండు తేదీలు. అతను వేలితో పేజీలు తిప్పుతూ పోయాడు. అన్నిటి కిందా ఉన్నాయి.

“ఆయన దేశంల నెల ముందు రాస్తరు, తారీఖు తర్వాత,” అన్నాడు. “మీరు తారీఖు ముందు రాసిన్రు. పదమూడో నెల, ఇరవై ఆరో నెల ఏ దేశంల ఉంటయని నన్ను అడిగిండు. నర్సు ఏ ఊర్ల ఉంటదని అడిగిండు. ఏం చెప్పాలె?”

“నర్సు లేదని చెప్పు,” అన్నాను.

“ఆంటీ.”

“అబద్ధం మాది కాదు కదా బాబూ. మావి నిజం సంతకాలు.”

“మీ నిజం నా కొంపల పడ్డది,” అన్నాడు. అరవలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. “కనబడకుండ అక్షరాలు దాస్తే, ఇంటర్నెట్‌ల వెతికిపెట్టే కంపెనీలు సైటును మోసం కింద లెక్కగడ్తయి. వెతికినోళ్లకు కనబడకుండ మొత్తం సైటు వెనక్కి పోతది. ఆయన గదే అంటున్నడు. రెండేండ్లు నా సైటుల మోసం దాచినవ్ అని.”

పిల్ల వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి నూనె ఉంది, తల్లి వీపుకు రాస్తున్నది.

“నేను అన్నీ తీసేస్త,” అన్నది. “ఒక్కొక్కటి తీసేస్త. పైసలొద్దు.”

ఆమెను తన పైగదికి రానిచ్చాడు. మూడు రోజులు పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా కూర్చుని అన్ని పేజీల కింది నుంచి తుడిచింది. ఆ మూడు రోజులూ మరదలిని నేను తిప్పాను. నాకు అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. రెండో రోజు నడుము పట్టేసింది, పక్కింటి ఆమెను పిలిచాను. మూడో రోజు సాయంత్రం పిల్ల తుడవడం ముగించేసరికి యజమాని నుంచి మెయిల్ వచ్చింది. సేటు కొడుకుతో పని బంద్. మంచం పట్టినవాళ్ల సైటు ఒక్కటే కాదు, ఆయనవి ఇంకా ఐదు సైట్లు ఇతని చేతిలో ఉండేవి, అవీ పోయాయి.

సేటు కొడుకు మాకు రావలసింది పైసాతో సహా ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు పిల్లతో అన్నాడు: “మీరు మంచిగ రాస్తరు మేడమ్. గని నేను ఇంక మీకు పని ఇయ్యలేను. మీ మీద కోపం కాదు. భయం.”

వేరే చోట్ల ప్రయత్నం చేసింది. ఇంతకు ముందు రాసినవి చూపించమన్నారు. చూపించడానికి సైటు ఉంది, దాని మీద గులాబీ స్వెటర్ నర్సు ఉంది. ఇవి నేను రాశానంటే ఒకతను ఫోన్‌లోనే, “అందరు గట్లనే అంటరమ్మా,” అన్నాడట. ఆమె రాసిందని చెప్పే గుర్తు ఒక్కటే ఉండేది, దాన్ని ఆమే మూడు రోజులు కూర్చుని తుడిచింది.

డిసెంబర్ మొదటి ఆదివారం మరదలి కొడుకు వచ్చాడు. ఆయమ్మ జీతం ఇవ్వలేదన్న సంగతి అతనికి ఆయమ్మే ఫోన్ చేసి చెప్పింది.

“ఏదో సంతకాల లొల్లి అంట కదా,” అన్నాడు. “ఎందుకే గవన్ని? ఎవలడిగిన్రు?”

పిల్ల తల్లి దుప్పటి సర్దింది, అతను నా వైపు తిరిగాడు.

“అత్తా, నువ్వన్న చెప్పకపోతివి. కోర్టుల చేసినదానివి.”

“కోర్టుల చేసిన కాబట్టే చెప్పలే,” అన్నాను.

“నేను కోపం చేస్తలేను. అమ్మను ఎవలు చూడాలె, గది చెప్పున్రి. ఈమె మల్ల బడికి పోతే పగలు ఎవలు తిప్పుతరు? నువ్వా?”

 నా నడుముకు పట్టీ ఇంకా ఉంది. పిల్ల ఒక నెల గడువు అడిగింది. ఇచ్చాడు. ఆ నెలలో ఏమీ దొరకలేదు.

2020 జనవరి 5, ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నరకు అద్దె అంబులెన్స్ వచ్చింది. గల్లీలోకి పట్టలేదు. మరదలిని దుప్పటిలో నలుగురు ఎత్తుకుని మూల దాకా మోశారు. ఆమె ఎడమ చేయి పిల్ల కొంగు పట్టుకుని ఉంది. “ఇల్లు,” అన్నది రెండుసార్లు. కొడుకు, “కొన్ని దినాలేనమ్మా,” అన్నాడు. అంబులెన్స్ ఎక్కించాక పిల్ల ఆ వేళ్లు ఒక్కొక్కటి విప్పింది.

ఆ హోంలో తొమ్మిది మందికి ఒక ఆయా. చెడ్డ మనిషి కాదు, చేతులు రెండే. పిల్ల రెండు గంటలకొకసారి తిప్పాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించి వచ్చింది. పది ఆదివారాలు రెండు బస్సులు మారి పోయాము. పోయిన ప్రతిసారీ ముందు తల్లిని పక్కకు తిప్పి వీపు చూసేది, తర్వాతే పలకరించేది. పదో ఆదివారం నడుము కింద కొద్దిగా ఎర్రబారింది. ఆయాకు చూపించింది. ఆ తర్వాత లాక్‌డౌన్. గేటు మూశారు. ఫోన్‌లో మొహం చూపించేవాళ్లు, వీపు చూపించమంటే, “ఉన్నది మంచిగనే మేడమ్,” అనేవాళ్లు.

2020 జూలై 21, మంగళవారం, తెల్లవారి ఐదింటికి కొడుకు ఫోన్. జ్వరం వచ్చి రెండు రోజులైందట, రాత్రి పోయిందట. ఆ రోజుల పద్ధతి ప్రకారం ఇంటికి తేలేదు, నేరుగా పురానాపూల్ శ్మశానానికి తెచ్చారు. ఆరుగురిని రానిచ్చారు. మొహం వరకు చూపిస్తే, పిల్ల దగ్గరికి పోయి తల్లి భుజం కింద ఒక చేయి, నడుము కింద ఒక చేయి పెట్టి, ఎప్పటిలా ఎడమ పక్కకు తిప్పి, నడుము మీది బట్ట తొలగించింది. ఎవరూ ఆపలేదు. పుండు నా అరచేతి అంత ఉంది. ఆమె చూసింది. మళ్లీ నెమ్మదిగా వెల్లకిలా పడుకోబెట్టింది. ఏడవలేదు. అన్నతో ఆనాటి నుంచి మాట్లాడలేదు.

నాతో మాట్లాడుతుంది. ఒక్కసారి మాత్రం, ఏడాది తర్వాత, అన్నం తింటూ అడిగింది. “అత్తా, ఆ సంతకాలు ఎవలికి కావాల్సి ఉండె?”

 సరిచూసిన మనిషి ఎవరో తెలియని కాగితాన్ని నేను కాగితం అని అనను. ఆ మాట ఇప్పటికీ అంటాను. అయితే అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. “మనకే,” అన్నాను. ఆమె తల ఊపి, పళ్లెం కడగడానికి లేచింది.

ఇప్పుడు పత్తర్‌గట్టి దగ్గర బట్టల దుకాణంలో బిల్లింగ్ చేస్తుంది. పొద్దున పదింటికి పోతుంది. సైటు ఇంకా ఉంది. నర్సు ఉంది. మడమల కింద ఏం పెట్టాలో చెప్పే పేజీ కూడా ఉంది, చదివినవాళ్లు ఇప్పటికీ థాంక్స్ రాస్తున్నారు. జవాబులు ఎవరూ ఇవ్వడం లేదు.

పోయినవి రాసి పెడుతున్నాను. నెలకు ఆరు వేల చిల్లర వచ్చే పని, రెండేళ్ల నాలుగు నెలల తర్వాత. వ్యాసాలు ఐదు వందల తొంభై నాలుగు, ఒక్కటీ ఆమెది కాదు. అన్నాచెల్లెళ్ల మాటలు. మధ్యాహ్నం మూడు గంటల చదువు. మనిషి ఒకరు, వయసు అరవై ఆరు.